ఇనుప పొడితో కరెంటు: అర్థముందా?

ప్రశ్న (గాజువాక): మా డాబా మీది నుంచి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఇనుమును మండించి కరెంటు తీయవచ్చట. ఇనుము తీయడానికే అంత బొగ్గు కాలుస్తున్నాం కదండీ, లాభమేమిటి?

జవాబు: ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేశాను. బొగ్గుతో తీసిన ఇనుమైతే శుద్ధ దండగ. లోహం ఇంధనం కాదు బాబూ, శక్తిని నిల్వ చేసే సాధనం. ఉదాహరణకు, కిలో అల్యూమినియం తయారీకి దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. మండిస్తే వచ్చే వేడి 8.6 యూనిట్లే. కిలో ఇనుమును మండిస్తే వచ్చేది సుమారు 2 యూనిట్లే. నెదర్లాండ్స్‌లో 2020లో ఒక బీరు కర్మాగారం ఇనుప పొడితో ఆవిరి తీసింది. మిగిలిన తుప్పును హైడ్రోజన్‌తో మళ్లీ ఇనుముగా మార్చవచ్చు. నాకు నచ్చింది ఇదే!

ప్రశ్న అడిగినవారు: అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీటి నుంచి తీసేది) వస్తే?

జవాబు: పక్కనే వాడేటట్లయితే హైడ్రోజన్‌నే వాడాలి. నెలల తరబడి దాచాలన్నా, ఓడలో పంపాలన్నా ఇనుమే నయం.