‘ఎఱుఁగనగునె’: తెలియరానిదా, అడుగరానిదా?

పిట్స్‌బర్గ్ నుండి
పెద్దలకు నమస్కారం. మా అబ్బాయి అత్తగారు ఉద్యోగ విరమణ తరువాత తమ వంశమూలాలు వెదకడం మొదలుపెట్టారు. ఆవిడ పూర్వీకులు స్కాట్స్-ఐరిష్ వారు; 17వ శతాబ్దంలో స్కాట్లాండ్ పల్లపు సీమ నుండి ఐర్లండు ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌కు, 18వ శతాబ్దంలో అక్కడి నుండి పెన్సిల్వేనియాకు తరలివచ్చారు. భూమి పత్రాలు, వీలునామాలు పట్టుకొని 1760ల దాకా వెళ్ళారు కానీ, సముద్రానికి ఆవలి ఊరి పేరు మాత్రం దొరకలేదు. ఆవిడ దిగులు చూసినప్పుడు నన్నయ భారతంలో కర్ణుడి పక్షాన దుర్యోధనుడు పలికిన మాట చెప్పాలనిపించింది. ‘శూరుల జన్మంబు’ అన్న మొదలు, ‘నేరుల జన్మంబు నెఱుఁగనగునె’ అన్న చివర గుర్తున్నాయి. నడుమ ఉన్నది ఋషులా, సూరులా, సురలా?

తెనాలి నుండి
సురలే, సందేహం లేదు. ‘శూరుల జన్మంబు సురల జన్మంబును నేరుల జన్మంబు నెఱుఁగనగునె’ అన్నది సీసపాదం; ‘నేరుల’ అంటే ఏరుల. మూడవ గణం మొదట ‘శూ’కు యతి కుదరాలి కనుక ‘ఋషుల’ నిలవదు; ఏరు మూలం, ఋషి మూలం అడుగరాదన్న సామెత పద్యంలోకి చొరబడి ఆ పాఠం పుట్టి ఉంటుంది. ‘సూరుల’ అంటే యతి చెల్లుతుంది గాని, ‘జన్మంబును’ అన్న నాలుగు అక్షరాలూ ఒక్క గణంలో పట్టవు. ‘సురల’ అన్నప్పుడే నగము, భగణము వరుసగా వస్తాయి. పైగా నన్నయ గారి చేతిలో శూరుల, సురల, నేరుల అన్న మూడు మాటలూ ఒకదాని ధ్వనిని మరొకటి అందుకొని నడుస్తాయి. అక్షరరమ్యత అని ఆయన చెప్పుకున్నది ఇదే.

కడప నుండి
పాఠం విషయంలో తెనాలి మాస్టారితో ఏకీభవిస్తాను. సంస్కృత మూలంలోనూ దేవతలలో గుహుడి (కుమారస్వామి) ప్రస్తావన ఉంది. ఆయనను అగ్ని కుమారుడని, కృత్తికల కుమారుడని, రుద్రుని కుమారుడని, గంగ కుమారుడని అంటారు గదా. అయితే అసలు చిక్కు ‘అగునె’ దగ్గర ఉంది. వ్యాసుల వారి మాట ‘దుర్విదాః ప్రభవాః కిల’. దుర్విదమంటే తెలుసుకోవడానికి కష్టమైనదే తప్ప, తెలుసుకోగూడనిది కాదు. కాబట్టి ‘ఎఱుఁగనగునె’ అంటే ‘ఎరుగ శక్యమా’ అనే.

తెనాలి నుండి
మూలం చూసి తెలుగు పద్యానికి అర్థం నిర్ణయించడం నన్నయ గారి విషయంలో క్షేమం కాదు. ఆయన కథను తెచ్చారు గాని మాటకు మాట పెట్టలేదు. సందర్భం చూడండి. సూతపుత్రుడని భీముడు నిండు సభలో కర్ణుణ్ణి అవమానించాడు. దుర్యోధనుడికి కావలసింది ఆ నోరు మూయించడం. ‘తెలుసుకోలేము’ అంటే భీముడు ‘అధిరథుడు ఎదురుగానే ఉన్నాడు గదా’ అనగలడు. ‘అడగడం తగునా’ అన్నప్పుడే మాటకు బలం.

బెల్‌ఫాస్ట్ నుండి
నేను ఉండేది ఆవిడ వెదుకుతున్న సీమలోనే కనుక ఒక మాట. ఇక్కడ ‘దుర్విద’ శబ్దానికి సరిపోయినంత ఉదాహరణ దొరుకుతుంది. 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో అగ్నికి ఆహుతైన ప్రభుత్వ దస్త్రాలలో శతాబ్దాల వీలునామాలు, జనగణనలు ఉన్నాయి. అటు అమెరికాలో ఓడ ప్రయాణికుల జాబితాలు క్రమంగా సమర్పించడం 1820 నుండే మొదలైంది. అయినా అన్నీ పోలేదు. 1740 నాటి ప్రొటెస్టెంట్ గృహస్థుల జాబితాకు మూలం కాలిపోయినా, అంతకుముందే ఎత్తి రాసుకున్న ప్రతులు ఇక్కడి ప్రభుత్వ దస్త్రాల కార్యాలయంలో ఉన్నాయి. అవిసె పండించినవారికి రాట్నాలు బహుమతిగా ఇచ్చిన 1796 నాటి జాబితాలో దాదాపు 60,000 పేర్లున్నాయి. వలస వెళ్ళినవారి అన్నదమ్ముల సంతతి అందులో కనిపించవచ్చు. ఇంటిపేరు ఏ పారిష్‌లో (చర్చి పరిధిలో) గుమిగూడి ఉందో చూసి, ఆ చోటి ప్రెస్బిటేరియన్ చర్చి సంఘం పుస్తకాలు వెదకమనండి; చాలా సంఘాల పుస్తకాలు 19వ శతాబ్దంలోనే మొదలవుతాయి కనుక, అవి అందనిచోట కౌలు పత్రాలు చూడాలి. కాబట్టి కడప వారి అర్థమే నాకు నచ్చింది: కష్టం, అంతే.

కడప నుండి
శూరుల జన్మానికి ఆ జాతిలోనే నిదర్శనం ఉంది. అమెరికా అధ్యక్షుడైన సేనాని ఆండ్రూ జాక్సన్ తల్లిదండ్రులు అల్‌స్టర్ నుండి 1765లో వచ్చారని తెలుసు. కానీ 1767లో ఆయన పుట్టింది ఉత్తర కరోలినాలోనా, దక్షిణ కరోలినాలోనా అన్న వాదం నేటికీ తెగలేదు. అడగడం తప్పని అక్కడ ఎవరూ అనడం లేదు. అడిగినా తేలడం లేదు.

పిట్స్‌బర్గ్ నుండి
అందరికీ కృతజ్ఞతలు. 1740 జాబితా సంగతి ఆవిడకు ఈ రోజే చెబుతాను. నా మనవడికి అటు వంశం అల్‌స్టర్ దాకా, ఇటు వంశం కృష్ణా తీరం దాకా చెప్పాలన్నది మా ఇద్దరి కోరిక. అడుగరాదన్న అర్థమే నిజమైతే మాత్రం ఈ పద్యం ఆవిడకు చెప్పడానికి నాకు మనసొప్పదు.

తెనాలి నుండి
అయ్యా, మీ వెదుకులాటకు నేను అడ్డు చెప్పడం లేదు. అది తప్పక సాగాలి. నా పట్టు ఆ ఒక్క క్రియాపదం మీదనే. నన్నయ గారి రెండున్నర పర్వాలలోనే, తుమున్నంతం (‘ఎఱుఁగన్’ వంటి రూపం) మీద ‘అగునె’ చేరి, ఔచిత్యం కాక శక్యత మాత్రమే చెప్పే ప్రయోగం మరొకటి కడప వారు చూపగలిగితే చర్చిద్దాం. తిక్కన గారి ప్రయోగాలు ఇక్కడ సాక్ష్యానికి పనికిరావు.