తిట్టు మాటకు అర్థం పిల్లలు నెట్‌లో వెతుక్కోవచ్చా?

హన్మకొండ_అక్క: మా బాబు ఇంటర్ చదువుతున్నాడు. క్రికెట్ వీడియో కింద ఎవడో విదేశీయుడు మనవాళ్లను "పజీత్" అన్నాడట. అదేంటని వెతికాడు. పైన అర్థం కనిపించింది కానీ, కిందికి పోతే అన్నీ మనమీద కంపు జోకులు, బొమ్మలు, చచ్చిపోండన్న రాతలు. అప్పటినుంచి వాడి ఫోన్‌కు అవే వీడియోలు వస్తున్నాయి. ఇలాంటివి వెతకనివ్వాలా, వద్దా? ఇంట్లో నాదొక మాట, వాళ్ల నాన్నదొక మాట.

కాజీపేట_జంక్షన్: వద్దనే చెప్పండి అక్కా. ఆ మాట 2015 ప్రాంతంలో ఫోర్‌చాన్ అనే వెబ్‌సైట్‌లో పుట్టింది, అక్కడ ఎవరూ పేరు పెట్టి రాయరు. పంజాబీ పేరులా వినిపించేట్టు అల్లి, తెలుగోడికీ తమిళోడికీ అదే తగిలిస్తున్నారు. దాని గురించి వెతికితే దాన్ని పుట్టించినవాళ్ల సరుకే దొరుకుతుంది. తెలుసుకుని వాడికి ఒరిగేదేముంది?

నర్సంపేట_నాగలి: ఎందుకు లేదన్నా? రేపు వాడూ ఎమ్మెస్ అని అమెరికా పోతడు. 2017లో కాన్సాస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపినోడు ముందు తిట్టిండు, బార్‌లోంచి బయటకు పంపితే తుపాకీతోని తిరిగొచ్చిండు. తిట్టు ఎందాక పోతదో పిల్లగానికి తెల్వాలె.

కాజీపేట_జంక్షన్: అర్థం తెలిస్తే తూటా ఆగేదా?

ములుగు_టీచరమ్మ: మనం వద్దంటే పక్క బెంచీవాడు చూపిస్తాడు. కాబట్టి వెతకనివ్వండి, పక్కన కూర్చోండి, నిఘంటువు పేజీ దగ్గరే ఆగమనండి. ప్రైవేట్ విండోలో వెతికితే ఆ చరిత్ర ఫోన్‌లో ఉండదు.

నా బాధ ఇంకోటి. పజీత్ అంటే మనకు ఒళ్లు మండుతుంది. మా స్టాఫ్ రూంలో ఎవరైనా కాస్త మెరుపుల చీర కట్టుకొస్తే "ఏంది మేడం, లంబాడోళ్ల లెక్క తయారైనవ్" అంటారు. అందరూ నవ్వుతారు. అప్పుడు చాయ్ పోసేది తండా నుంచి వచ్చే అటెండరు. ఆమె తల ఎత్తదు, ఫ్లాస్కూ ఆగదు, వరసగా కప్పులు నింపుకుంటూ పోతుంది. దొమ్మరి, బుడబుక్కల, పిచ్చకుంట్ల కూడా అంతే. కులాల పేర్లను తిట్లు చేసి పెట్టుకున్నాం. పిచ్చకుంట్ల వాళ్లు తమను వంశరాజ్ అనమంటున్నా మనకు నోరు తిరగదు. ఈ మాటల కోసం పిల్లలకు నెట్ అక్కర్లేదు, ఇంట్లోనే వింటారు.

కాజీపేట_జంక్షన్: మేడం, లంబాడీ అనేది కులం పేరే కదా, సర్టిఫికెట్‌లోనూ రాస్తారు. అది తిట్టెలా అవుతుంది?

ములుగు_టీచరమ్మ: సర్టిఫికెట్ చూసి ఎవరూ నవ్వరు.

పరకాల_వకీలు: చట్టం సంగతి చెప్తాను. 1989 నాటి అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ వచ్చాక, పదిమంది ఎదుట ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషించడం 3(1)(ఎస్) కింద నేరం. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు అంటే ఇది నిలవదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. నెట్‌లో పెడితే పదిమందిలో అన్నట్టేనని 2022లో కేరళ హైకోర్టు అన్నది. మేడం చెప్పిన స్టాఫ్ రూం కేసు మాత్రం కష్టం. మాట పడింది చీర కట్టుకున్న మేడం, అటెండరు కాదు. దొమ్మరి, పిచ్చకుంట్ల వాళ్లు మన దగ్గర బీసీ-ఏ, వాళ్లకు ఈ చట్టమే వర్తించదు. పజీత్ అన్నోడు ఏ దేశంలో కూర్చున్నాడో, వాడి సంగతి వదిలేయండి.

నర్సంపేట_నాగలి: అంటే బీసీలను ఎంత తిట్టినా ఫ్రీనా సార్?

పరకాల_వకీలు: పరువునష్టం దావా వేసుకోవచ్చు. ఊళ్లో గారడీ ఆడుకుని బతికే మనిషి ఎన్ని వాయిదాలకు తిరుగుతాడు?

హన్మకొండ_అక్క: ఇవన్నీ సరే. ఆ వీడియోలు రాకుండా ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు.

నర్సంపేట_నాగలి: పక్కన మూడు చుక్కలుంటయ్, నొక్కి "ఆసక్తి లేదు" పెట్టమను అక్కా. వెతికిన హిస్టరీ కూడా తీసెయ్యమను. కోపంల కింద జవాబు మాత్రం రాయొద్దను, రాస్తే ఇంకా అసొంటివే చూపిస్తది.

కాజీపేట_జంక్షన్: నేను మొదట్లో వద్దన్నదీ అందుకే.