ఒక జాబితాలో 170, మరో దానిలో 400 దాటింది: దేన్ని నమ్మాలి?

మాది ఒడిశాలోని రాయగడ. మా చెల్లికి మెటీరియల్ సైన్స్‌లో ఎం.ఎస్.కు రెండు విదేశీ విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చింది. ఈ నెల 28లోగా ఒకదానికి డబ్బు కట్టాలి. ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే క్యూఎస్ జాబితాలో మొదటిది 170 దగ్గర, అలాంటిదే అయిన షాంఘై జాబితాలో 401–500 మధ్య ఉంది. రెండోది సరిగ్గా తలకిందులు.

కారణం కొంత తెలిసింది. క్యూఎస్‌లో 30 శాతం మార్కులు ఆచార్యుల అభిప్రాయ సేకరణకే. 2024 జాబితాకు ముందు 40 ఉండేవి. షాంఘైలో అభిప్రాయాల ఊసే లేదు. నోబెల్, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పురస్కారాలు, నేచర్, సైన్స్ పత్రికల్లో వ్యాసాలు, ఇలాంటివే లెక్క. ఎవరో పూర్వ విద్యార్థికి ఎప్పుడో వచ్చిన నోబెల్ మా చెల్లికి ల్యాబ్‌లో చోటు ఇప్పిస్తుందా అన్నది నా అనుమానం!

సబ్జెక్టు వారీ జాబితాలు చూశాను, అక్కడా ఇదే తేడా. రెండు విభాగాలకూ రెండేసి సార్లు మెయిల్ పంపితే ప్రచార పత్రాలు వచ్చాయి. ఇక్కడి కళాశాలలో అడిగితే ఆ రెండు పేర్లూ ఎవరూ వినలేదు. విశాఖలో ఒక కన్సల్టెన్సీ మాత్రం రెండు నిమిషాల్లో "క్యూఎస్ చాలు" అని తేల్చేసింది.

ఎం.ఎస్. తర్వాత పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థి ఈ రెండు జాబితాల్లో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి?