పొడవు ముక్కు సీసపు గుండు, పొట్టి సిలిండర్: మోడల్ 27లో 358429 గుండు ఇమడటం లేదు

ప్రశ్న (డల్లాస్ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర స్మిత్ అండ్ వెసన్ మోడల్ 27 రివాల్వర్ ఉంది. కేసు (తూటాలో మందు పట్టే ఇత్తడి గొట్టం) అంచు కనబడకుండా లోపలికి దిగే పాతకాలపు సిలిండర్ (తూటాలు పట్టే, తిరిగే భాగం) దానిది. ఈమధ్య గుండ్లు పోసే లైమన్ కంపెనీ 358429 అచ్చు ఒకటి కొనుక్కొని సీసం పోత మొదలుపెట్టాను. గుండ్లు నున్నగా, అంచులు స్పష్టంగా వస్తున్నాయి. సైజింగ్ డైలో 0.358 అంగుళానికి సరిచేసి, నా తుపాకి వాడే .357 మాగ్నమ్ రకం తూటా కేసులో కూర్చోబెట్టి, గుండు మీద అందుకోసమే ఉన్న గాడిలో కేసు మూతిని క్రింప్ చేస్తే (గుండును పట్టుకునేలా లోపలికి వంచితే), గుండు ముక్కు సిలిండర్ ముందు ముఖం దాటి బయటికి వస్తోంది. సిలిండర్ మూసుకోవడం లేదు. ఇదంతా మందు (గన్‌పౌడర్), ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) లేని ఖాళీ కేసులతోనే చేశాను. గాడి పై అంచు నుంచి ముక్కు కొస వరకు కొలిస్తే 0.39 అంగుళం వచ్చింది. అచ్చులో లోపం ఉందా, నా పద్ధతిలో ఉందా? గుండును ఇంకా లోపలికి నొక్కి, గాడిని వదిలేసి, దాని పైనున్న పట్టీ (గుండు చుట్టూ పూర్తి వ్యాసంతో ఉండే వలయం) మీద క్రింప్ చేస్తే సరిపోతుందని తోటి షూటర్ ఒకరు చెప్పారు. అది క్షేమమేనా?

సమాధానం (ఒహాయో నుంచి)

అచ్చులో గానీ మీ పనిలో గానీ లోపం లేదండి. ఆ గుండు రూపొందిన కాలంలో .357 మాగ్నమ్ లేనే లేదు, మీ ఇబ్బందికి మూలం అదే. ఐడహోకు చెందిన ఎల్మర్ కీత్ దీనిని .38 స్పెషల్ కేసు కోసం రూపొందించారు. స్మిత్ అండ్ వెసన్ 1930లో .38/44 హెవీ డ్యూటీ అనే పెద్ద ఫ్రేము రివాల్వర్‌ను తెచ్చింది. అటువంటి బలమైన తుపాకుల్లో .38 స్పెషల్‌ను దాని మామూలు స్థాయి కంటే గట్టిగా నింపి వాడిన రోజులవి. 1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు, అది పొరపాటున కూడా పాత .38 రివాల్వర్లలో దూరకూడదన్న ఉద్దేశంతో కేసును పొడిగించారు. .38 స్పెషల్ కేసు పొడవు 1.155 అంగుళాలు, .357 మాగ్నమ్ కేసు పొడవు 1.290 అంగుళాలు. తేడా 0.135 అంగుళం. గుండు మాత్రం మారలేదు కనుక ఆ తేడా అంతా ముక్కును ముందుకు తోసింది.

మీ కొలతతోనే లెక్క వేద్దాం. .357 కేసులో గాడి దగ్గర క్రింప్ చేస్తే తూటా మొత్తం పొడవు 1.290 కి 0.39 కలిపి 1.68 అంగుళాలు అవుతుంది. అమెరికాలో తూటాల కొలతలను నిర్ణయించే సామీ సంస్థ .357 మాగ్నమ్‌కు పెట్టిన గరిష్ఠ పొడవు 1.590. మోడల్ 27 సిలిండర్ పొడవు సుమారు 1.57. మీ మోడల్ 27 వంటి ఎన్ ఫ్రేము (కంపెనీ పెద్ద చట్రం) తుపాకి ఆకారంలో పెద్దదైనా, దాని .357 సిలిండర్ మాత్రం కె ఫ్రేము (మధ్యస్థ చట్రం) మోడల్ 19 సిలిండర్ కంటే పొట్టిది. మోడల్ 19లో అది సుమారు 1.62 ఉంటుంది. తుపాకి పెద్దది కనుక పొడవైన తూటా పడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ కేటలాగు చూసి గానీ ఫ్రేము చూసి గానీ నిర్ణయించకూడదు.

మీ తుపాకిలో నిజంగా ఎంత చోటు ఉందో ఇలా తెలుసుకోండి. తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకొని, సిలిండర్‌ను బయటికి తెరిచి, ఒక ఖాళీ కేసును సిలిండర్‌లో తూటా పట్టే గదిలో పూర్తిగా కూర్చోబెట్టండి. కేసు అడుగు భాగం నుంచి సిలిండర్ ముందు ముఖం వరకు కాలిపర్‌తో కొలవండి. కేసు అంచు లోపలికి దిగే మీ సిలిండర్‌లో ఈ కొలత దాదాపు సిలిండర్ పొడవుతో సమానంగా వస్తుంది. 1982 ప్రాంతం నుంచి వచ్చిన సిలిండర్లలో అంచు బయటే ఉంటుంది కనుక అంచు మందం కూడా కలుస్తుంది. ఆరు గదుల్లోనూ కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్నే ప్రమాణంగా పెట్టుకోండి. తూటా ఆ కొలత వరకు ఉండవచ్చని అనుకోవద్దు, కనీసం 0.02 అంగుళం వదిలిపెట్టండి. పక్క గదిలోని తూటా పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది, ఆ కుదుపుకు మిగతా గుండ్లు కేసుల్లోంచి ముందుకు జరగడానికి చూస్తాయి. ఒక్క ముక్కు బయటికి వచ్చినా సిలిండర్ తిరగదు. నింపిన తూటాలున్న తుపాకి చేతిలో బిగుసుకుపోవడం మంచి పరిస్థితి కాదు.

ఇక లోపలికి నొక్కే విషయం. మీ గుండు ముందు పట్టీ వెడల్పు పదో వంతు అంగుళం అనుకుంటే, దాని ముందు అంచు మీద క్రింప్ చేసినప్పుడు పొడవు 1.58 దగ్గర ఆగుతుంది. అచ్చుకూ అచ్చుకూ కొద్ది తేడా ఉంటుంది కాబట్టి కొందరికి ఈ పద్ధతి కుదిరింది, పాతవారిలో చాలామంది ఇలాగే వాడారు. మీ కొలతలతో మాత్రం కుదరదు. అంతకంటే లోపలికి నొక్కితే కేసు మూతి పట్టీని దాటి సన్నబడే ముక్కు మీదికి వస్తుంది. అక్కడ క్రింప్ పట్టుకోవడానికి భుజమే ఉండదు.

దీనికంటే ముఖ్యమైన సంగతి పీడనం. గుండు లోపలికి దిగినకొద్దీ మందుకు మిగిలే చోటు తగ్గుతుంది. 0.358 అంగుళం వ్యాసమున్న గుండు పదో వంతు అంగుళం అదనంగా దిగితే సుమారు 0.16 క్యూబిక్ సెంటీమీటరు చోటు పోతుంది. .357 కేసు లోపలి చోటు మొత్తం కలిపినా రెండు క్యూబిక్ సెంటీమీటర్ల లోపే కనుక, అది నిర్లక్ష్యం చేయదగిన భాగం కాదు. గాడిలో క్రింప్ చేసిన తూటా కోసం అచ్చైన మందు కొలతను, లోతుగా నొక్కిన తూటాలో అలాగే వేస్తే పీడనం పెరుగుతుంది. త్వరగా మండే మందుల్లో ఈ పెరుగుదల మరింత తీవ్రంగా ఉంటుంది. పొడవు మారిందంటే అది వేరే తూటా అయినట్టే లెక్క. లైమన్ చేతిపుస్తకంలో గానీ మందు తయారీదారు పట్టికలో గానీ మీ గుండుకు, మీ పొడవుకు ఇచ్చిన కొలత ఉంటేనే, దాని ప్రారంభ కొలత నుంచి మొదలుపెట్టండి. అందుకే ఈ చర్చల్లో ఎవరూ మందు కొలతలు రాయవద్దని నేను ఎప్పుడూ కోరుతుంటాను. ఒక తుపాకిలో, ఒక పొడవుకు సరైన అంకె మరొకరి చేతిలో ప్రమాదం తెస్తుంది.

సమాధానం (అరిజోనా నుంచి)

పైవారు చెప్పిన లెక్కలోనే మీకు దారి కూడా కనిపిస్తుంది. అదే గుండును .38 స్పెషల్ కేసులో పెట్టి గాడిలో క్రింప్ చేయండి: 1.155 కి 0.39 కలిపితే 1.545. .38 స్పెషల్‌కు సామీ గరిష్ఠ పొడవు 1.550, మీ సిలిండర్ 1.57. రెండిటిలోనూ ఇముడుతుంది. గుండు ఏ కేసు కోసం పుట్టిందో ఆ కేసులోకి తిరిగి వెళ్తుంది కనుక ముందు పట్టీ, గాడి, క్రింప్ అన్నీ తమ తమ స్థానాల్లో ఉంటాయి. నేను నా మోడల్ 27లో ఇదే వాడుతున్నాను. పాతిక గజాల దూరంలో కాగితం మీద నాకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది.

ఇందులో ఒక కట్టుబాటు తప్పనిసరి. .38 కేసులో .38 స్పెషల్ మందు కొలతలే వేయాలి. తుపాకి .357 కదా, తట్టుకుంటుంది కదా అని పాత .38/44 స్థాయికి నింపాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. .38 స్పెషల్ గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, .357 మాగ్నమ్‌ది 35,000 పౌండ్లు. కేసు మీద .38 అని అచ్చు వేసి ఉన్న తూటాలో రెట్టింపు పీడనం దాగి ఉంటే, అది మీ తదనంతరం మీ పిల్లల చేతికో, తుపాకుల ప్రదర్శనలో ఒక తెలియనివారి చేతికో చేరి, చిన్న జె ఫ్రేము రివాల్వర్‌లోకి వెళ్లవచ్చు. పొడుగు కేసు పుట్టిందే ఈ ప్రమాదాన్ని అడ్డుకోవడానికి. .357 కేసులను కత్తిరించి పొట్టిగా చేసుకునేవారి పని కూడా నాకు ఇందుకే నచ్చదు: అవి .38 గదుల్లో దూరగలవు.

.38 కేసులు ఎక్కువగా కాలిస్తే, కేసు మూతి ఆగే చోట గదిలో మసి, సీసం కలిసి ఒక వలయం కడతాయి. తరువాత .357 తూటా వేస్తే పూర్తిగా దిగదు. దాన్ని బలవంతంగా నొక్కకుండా, కాల్చిన రోజునే కంచు బ్రష్‌తో గదులు రుద్దేయండి.

మళ్లీ ప్రశ్న (డల్లాస్ నుంచి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. కేసు ఉపయోగించి కొలిచాను. అన్నిటికంటే పొట్టి గదిలో 1.568 వచ్చింది. .38 కేసులో చేసిన నమూనా తూటా ఆరు గదుల్లోనూ పడింది, సిలిండర్ సులువుగా తిరిగింది. కానీ .357 కేసులు నా దగ్గర చాలా ఉన్నాయి, అవి వృథా కావడం ఇష్టం లేదు. ఆ కేసులకు సరిపోయే వేరే అచ్చు ఏదైనా ఉందా?

సమాధానం (ఒహాయో నుంచి)

ఉన్నాయండి. లైమన్‌లోనే 358477 అనే అచ్చు సుమారు 150 గ్రెయిన్ల (దాదాపు పది గ్రాముల) గుండు ఇస్తుంది; దాని ముక్కు పొట్టిది కనుక .357 కేసులో గాడి దగ్గరే క్రింప్ చేసినా మీ సిలిండర్‌లో ఇబ్బంది ఉండదు. రెండోది రే థాంప్సన్ రూపొందించిన 358156. దాని అడుగున రాగి మిశ్రమపు గ్యాస్ చెక్ అనే చిన్న టోపీ బిగిస్తారు, పైగా క్రింప్ గాడులు రెండు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి కనుక పొడవు ఎంచుకునే వీలు ఉంటుంది. .357 స్థాయి వేగాల్లో సీసం గొట్టానికి అంటుకోకుండా గ్యాస్ చెక్ బాగా తోడ్పడుతుంది. నా ఓటు దీనికే. 358429ను .38 కేసుల్లో హాయిగా మామూలు వేగంతో కాల్చుకోండి, .357 కేసులకు 358156 పెట్టుకోండి. ఒకే అచ్చుతో రెండు పనులూ చేయాలనుకున్నప్పుడే ఈ చిక్కులన్నీ వస్తాయి.

మిశ్రమం గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. సీసం 90, తగరం 5, ఆంటిమొనీ 5 పాళ్లుగా ఉండే లైమన్ నంబర్ 2 మిశ్రమం ఈ రెండిటికీ సరిపోతుంది. దాని గట్టిదనం బ్రినెల్ మానంలో 15 ప్రాంతం. .38 వేగాలకు అంత గట్టిదనం అవసరం లేదు. మిశ్రమం ఎంత మంచిదైనా గుండు కొలత సిలిండర్ గొంతుకు (గది ముందు భాగంలో గుండు దాటే సన్నని దారికి) తగ్గితే ప్రయోజనం ఉండదు. సైజు చేసిన గుండును ముందు వైపు నుంచి గొంతులో పెట్టి వేలితో కొద్దిగా నొక్కితే జారాలి. దానంతట అదే పడిపోతే గుండు సన్నమని, అసలు కదలకపోతే లావని అర్థం.

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నేను హెచ్1బి వీసా మీద ఇక్కడ ఉన్నాను. తుపాకి కొనే ఉద్దేశం లేదు, మిత్రుడితో కలిసి సీసం పోత, తూటాలు నింపడం మాత్రమే నేర్చుకోవచ్చా?

సమాధానం (అరిజోనా నుంచి)

ముందే అడగడం చాలా మంచి పని చేశారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపుల్లోకి వస్తే తప్ప, తుపాకినే కాదు, తూటాలను కూడా దగ్గర ఉంచుకోకూడదు. మిత్రుడి గరాజులో నింపిన తూటాల డబ్బా మీ కారులో ఉన్నా మీ వీసాకూ భవిష్యత్తుకూ ముప్పే. చట్టంలో తూటా అన్న మాట కిందికి విడి కేసులు, ప్రైమర్లు, మందు, గుండ్లు కూడా వస్తాయి కనుక, నింపనివే కదా అనుకోవద్దు. గ్రీన్ కార్డు వచ్చిన తరువాత ఈ నిషేధం వర్తించదు, అయితే రాష్ట్ర చట్టాలు విడిగా చూసుకోవాలి. ఏ సందేహం ఉన్నా వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడిగాకే అడుగు వేయండి. సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి తప్పనిసరి. భారతదేశంలోని ఇంటికి వెళ్లినప్పుడు ఈ పని చేయాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దాన్ని వదిలేయండి. 1959 నాటి భారత ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

చివరి మాట (డల్లాస్ నుంచి)

358156 అచ్చు తెప్పిస్తున్నాను. 358429 గుండ్లను .38 కేసుల్లో, చేతిపుస్తకంలోని .38 స్పెషల్ ప్రారంభ కొలతతో నింపుతాను. మొదటిసారి కాల్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

సమాధానం (ఒహాయో నుంచి)

ఆరు తూటాల పొడవులూ ముందే కొలిచి రాసుకోండి. ఐదు కాల్చి, ఆరోదాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగితే గుండు ముందుకు జరిగినట్టు. అప్పుడు క్రింప్ డైని మరికొంచెం దించాలి, లేదా కేసు మూతిని వెడల్పు చేసే కడ్డీ అతిగా వెడల్పు చేస్తోందేమో చూడాలి. కేసులన్నీ ఒకే పొడవుకు కత్తిరించి ఉంటేనే క్రింప్ అన్నిటికీ సమానంగా పడుతుంది, కాబట్టి ఆ పని ముందే ముగించండి. డబ్బా మీద గుండు అచ్చు సంఖ్య, బరువు, మందు పేరు, కొలత, మొత్తం పొడవు, తేదీ రాయండి. రెండు రకాల తూటాలు ఒకే బల్ల మీద ఒకేసారి నింపవద్దు; ఒక మందు సీసాకు మూత బిగించి అలమరలో పెట్టిన తరువాతే రెండోదాన్ని తీయండి.