కాంట్రాక్ట్ వేరేవాళ్లకి ఇచ్చేశారు, జీఏవోలో ప్రొటెస్ట్ వేస్తే నిలుస్తుందా?

ప్రశ్న:
నమస్కారమండీ. వర్జీనియాలో మాది పన్నెండు మంది ఉన్న చిన్న ఐటీ కంపెనీ. ఒక ఫెడరల్ ఏజెన్సీ హెల్ప్‌డెస్క్ పనికి ప్రపోజల్ వేశాం. నిన్న సోమవారం మధ్యాహ్నం కాంట్రాక్ట్ అవార్డు వేరేవాళ్లకి ఇచ్చామని మెయిల్ వచ్చింది. ధర మాదే తక్కువ. పాత కాంట్రాక్టర్ నుంచి పని అందుకునే ప్లాన్‌లో సిబ్బంది వివరాలు లేవని మా రేటింగ్ తగ్గించారట. 14వ పేజీలో పట్టిక వేసి మరీ ఇచ్చాం, ఏ వారం ఎవరు చేరతారో. మూణ్ణెల్లు రాత్రిళ్లు కూర్చుని రాసిన ప్రపోజల్ అండీ. జీఏవోలో, అంటే ఇలాంటి కాంట్రాక్ట్ ఫిర్యాదులు విచారించే ఫెడరల్ ఆడిట్ కార్యాలయంలో, ప్రొటెస్ట్ (అవార్డు మీద అభ్యంతరం) వేయొచ్చా? లాయర్ తప్పనిసరా?

జవాబు 1:
మిగతావన్నీ తర్వాత. ముందు ఈ రోజే డీబ్రీఫింగ్ (మీకెందుకు రాలేదో వాళ్లు వివరించే సమావేశం) కావాలని కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పెట్టండి. నోటీసు అందిన 3 రోజుల్లో అడిగితేనే అది మీ హక్కు. నాకూ ఒకసారి సోమవారమే నోటీసు వచ్చింది. టీమ్‌తో మాట్లాడి అడుగుదాంలే అని శుక్రవారం దాకా ఆగాను. వాళ్లు మర్యాదగానే డీబ్రీఫింగ్ ఇచ్చారు, కానీ దానివల్ల వచ్చే అదనపు గడువు మాత్రం నాకు రాలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇది ఫార్ (ఫెడరల్ కొనుగోళ్ల నిబంధనలు) పార్ట్ 15 కింద జరిగిన పోటీయేనా? జీఎస్ఏ షెడ్యూల్ (ముందే ఖరారు చేసిన ధరల జాబితా) కింద కొన్నదైతే క్లుప్తంగా కారణం చెప్పి ఊరుకుంటారు, అప్పుడు గడువు లెక్క వేరు.

అడిగినవారు:
పార్ట్ 15 అండీ. మెయిల్ పెట్టేశాను, ఈ గురువారం రమ్మన్నారు. మా ప్రాజెక్ట్ మేనేజర్ ఊళ్లో లేరు, వచ్చే సోమవారానికి మార్చమని అడగనా?

జవాబు 1:
అస్సలు వద్దు! ఇక్కడ గడువులు రెండున్నాయి, చాలామంది ఒకటే అనుకుంటారు. ప్రొటెస్ట్ వేయడానికి డీబ్రీఫింగ్ తర్వాత 10 రోజులు. కానీ ఈలోగా గెలిచినవాళ్లు పని మొదలుపెట్టకుండా ఆగాలంటే, 1984 నాటి చట్టం ప్రకారం స్టే రావాలి. దానికి అవార్డు తేదీ నుంచి 10 రోజులు, లేదా డీబ్రీఫింగ్‌కి వాళ్లు మొదట ఇచ్చిన తేదీ నుంచి 5 రోజులు, ఏది తర్వాత వస్తే అది. మీరు తేదీ మార్పించుకున్నా లెక్క ఆ మొదటి తేదీ నుంచే.

ఇంకో మెలిక. ఆ గడువులోగా మీరు వేయడం కాదు, జీఏవో నుంచి ఏజెన్సీకి కబురు అందాలి. కబురు పంపడానికి జీఏవోకి ఒక రోజు పట్టొచ్చు. మీ అవార్డు సోమవారమే అయితే పదో రోజు వచ్చే వారం గురువారం. కాబట్టి వచ్చే వారం మంగళవారమే వేసేయండి, బుధవారం దాటనివ్వకండి. ఈస్టర్న్ టైమ్ సాయంత్రం 5:30 దాటితే మర్నాడు వేసినట్టే. అత్యవసరమని రాసుకుని ఏజెన్సీ స్టేని పక్కనపెట్టే వీలూ ఉంది, కానీ ఆ భయంతో మీరు ఆగొద్దు.

జవాబు 2:
గడువు సంగతి అన్నగారు చెప్పారు, నేను కేసు సంగతి చెప్తాను. ధర తక్కువన్న మాట పక్కనపెట్టండి. ధరతోపాటు నాణ్యత కూడా చూసే బెస్ట్ వాల్యూ పోటీలో ఎక్కువ ధరకి ఇవ్వడం తప్పేమీ కాదు. 'మా ప్లానే మంచిది' అని రాసినా జీఏవో వినదు, ప్రపోజళ్లకి మళ్లీ మార్కులు వేయడం వాళ్ల పని కాదు. సొలిసిటేషన్‌లో (ప్రపోజళ్లు పిలిచిన ప్రకటనలో) ఏం చూస్తామన్నారో అదే చూశారా, సహేతుకంగా చూశారా అన్నదే వాళ్ల ప్రశ్న. మీ బలమంతా 14వ పేజీలోనే ఉంది. ఆ తప్పు జరక్కపోతే మీకు గెలిచే అవకాశం గట్టిగా ఉండేదని కూడా చూపించాలి, అది మర్చిపోవద్దు.

2024 ఆర్థిక సంవత్సరంలో జీఏవో తీర్పు చెప్పిన కేసుల్లో ప్రొటెస్ట్ వేసినవాళ్లు నెగ్గింది 16 శాతమే. అయినా దాదాపు 52 శాతం కేసుల్లో ఎంతో కొంత ఊరట దొరికింది, ఎందుకంటే తీర్పు దాకా పోకుండా ఏజెన్సీలే తప్పు సరిదిద్దుకుంటాయి.

జీఏవోలో లాయర్ తప్పనిసరి కాదు. కానీ గెలిచినవాళ్ల మార్కుల కాగితాలు ప్రొటెక్టివ్ ఆర్డర్ (గోప్యత ఆదేశం) కింద లాయర్‌కే చూపిస్తారు, మీకు చూపించరు. ప్రొటెస్ట్ వేసిన 30 రోజుల్లో ఏజెన్సీ సమాధానం (రిపోర్ట్) వస్తుంది, దానిమీద 10 రోజుల్లో కామెంట్స్ వేయకపోతే కేసు కొట్టేస్తారు. అందుకే నేనైతే మొదటి రోజే లాయర్‌ని పెట్టుకుంటాను. తీర్పు 100 రోజుల్లో వస్తుంది.

అడిగినవారు:
డీబ్రీఫింగ్ అయిందండీ. 14వ పేజీ సంగతి అడిగితే, అది అనుబంధం అనుకుని చూడలేదన్నారు.

జవాబు 2:
ఆ మాట ఎవరన్నారు, ఎన్ని గంటలకి అన్నారు, ఇప్పుడే రాసిపెట్టుకోండి. సొలిసిటేషన్‌లో పేజీల పరిమితి ఎంత?

అడిగినవారు:
25. మా ప్రపోజల్ మొత్తం 22. పట్టిక ప్లాన్ విభాగం మధ్యలోనే ఉంది.

జవాబు 2:
అయితే ప్రొటెస్ట్ మొదటి పేరా అదే. కోపమంతా తీసేసి, ఈ మూడు వాక్యాలూ ఉన్నదున్నట్టు రాసి లాయర్‌కి రాత్రికే పంపండి.