ఎడమ చేతి వాటం ఎస్సైకి గ్లాక్ మేలా, పాత 9 ఎంఎం మేలా?

చంద్రగిరి కుర్రోడు:
తిరుపతి దగ్గర ప్రొబేషనరీ ఎస్సైని. నాది ఎడమ చేతి వాటం. నా పేరు మీద ఉండేది పాత 9 ఎంఎం ఆటో పిస్టల్. దాని సేఫ్టీ మీట (పొరపాటున పేలకుండా ఆపేది) కుడిచేతి బొటనవేలికి అందేట్టు పెట్టినారు, నేను నొక్కాలంటే పట్టు మార్చుకోవాలి. గ్లాక్ 17 (అదీ 9 ఎంఎం పిస్టలే) ఒకటి ఖాళీగా ఉంది, కావాలంటే అడుగు అంటున్నారు. శేషాచలంలో కూంబింగ్‌కీ పోవాల్సి ఉంటుంది. వాడినోళ్లు చెప్పండన్నా.

పాత ఆర్మరర్ (ఆయుధాలు చూసుకున్న రిటైర్డ్ ఆర్మ్‌డ్ రిజర్వ్ హెడ్ కానిస్టేబుల్):
నైనా, ఇరవై రెండేండ్లు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (పోలీసు ఆయుధాల గదిలో) నూనెగుడ్డ పట్టినోణ్ని. నీ చేతికి గ్లాకే సుఖం. బయట సేఫ్టీ మీటే ఉండదు, ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుక ఒకటి, అంతే. పాతదాంట్లో 13 రౌండ్లు (తూటాలు), దీంట్లో 17. బరువు కూడా తక్కువ. పొద్దుగూకులూ నడుముకు కట్టుకునేవాడికి ఆ తేడా తెలుస్తుంది.

అయితే నా భయం వేరే. నీ దగ్గరుండేది ఇషాపూర్ సర్కారు తుపాకుల ఫ్యాక్టరీలో చేసింది, మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. ఆ డిజైన్‌లో మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) ఊడదీస్తే ట్రిగ్గర్ నొక్కినా సుత్తి పడదు. దానికి అలవాటైన చెయ్యి ‘మ్యాగజైన్ తీసేశాంలే’ అని ధీమాగా ఉంటుంది. గ్లాక్‌కు ఆ అడ్డం లేదు. మ్యాగజైన్ నీ జేబులో ఉన్నా ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) రౌండుంటే పేలుతుంది. పైగా తుడవడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే.

ఒక స్టేషన్‌లో (పేరొద్దు) ఒకాయన ఇట్లనే మ్యాగజైన్ తీసి, టీ తాగతా, మాట్లాడతా నొక్కినాడు. మనుషులకు ఏం కాలేదు. ఇనుప బీరువాకు బొక్క, లోపల మూడు కేస్ డైరీ ఫైళ్లకు బొక్క. ఆ ఫైళ్లు కోర్టుకు పోయినప్పుడు ఏం సంజాయిషీ రాశారో నన్నడగొద్దు.

ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ తియ్యి, ఆ తర్వాతే స్లైడ్ (పైన జరిగే ఇనుప తొడుగు) వెనక్కి లాగు. తారుమారు చేస్తే ఒక రౌండు బయటపడి ఇంకోటి లోపలికెక్కుతుంది. కంటితో చూసింది చాలదు, చిటికెన వేలు పెట్టి ఛాంబర్ తడుము. కరెంటు లేని రాత్రి ఆ వేలే దిక్కు.

చిత్తూరు హవల్దార్ (మాజీ సైనికుడు):
ఆయన చెప్పింది నిజం. మా పల్టన్‌లో పని అయిపోతే ఆయుధం కోత్‌లో (పల్టన్ ఆయుధాల గదిలో) జమ, నంబరు చూసి లెక్క, తాళం. ఇంటికి పోయే మాటే లేదు. మీ ఎస్సైలకు అదే తంటా, పిస్టల్ మీతోపాటే ఇంటికొస్తుంది. అడవిలో గుట్టలెక్కేటప్పుడు మాత్రం పిస్టల్‌కు డోరీ (నడుముకు కట్టే తాడు) కట్టుకో తమ్ముడూ. పడిపోయిన పిస్టల్ కోసం లోయలో వెతకడం, తర్వాత ఎంక్వైరీలో నిలబడటం, రెండూ చూసినా.

ఎస్సై ఇల్లాలు:
ఇంటి సంగతి నేను చెప్తా. మా బాబుకి ఆరేండ్లు. ఆయన స్టేషన్‌లోనే ఖాళీ చేసి ఇంటికొస్తారు. పిస్టల్ బీరువా లాకర్‌లో, మ్యాగజైన్ వేరే గదిలో. తాళం ఆయన మొలతాడుకు. మొదట్లో పట్టుచీరల కింద దాచేవారు. పిల్లోళ్లు వెతికే మొదటి చోటు అదేనని నేనే పోట్లాడి మాన్పించినా.

చంద్రగిరి కుర్రోడు:
అందరికీ థ్యాంక్సండీ. చిటికెన వేలు సంగతి మా స్టేషన్ రైటర్‌కు (రికార్డులు రాసే ఆయనకు) చెప్తే నవ్వినాడు. బీరువా కథ చెప్పినాక నవ్వలా. గ్లాక్‌కు ఎడమ పక్క హోల్స్టర్ (నడుముకు కట్టే పిస్టల్ ఒర) స్టోర్‌లో లేదంట. బజార్లో మెత్తటి తోలుతో కుట్టించుకోమంటారా?

పాత ఆర్మరర్:
మెత్తటిది వద్దే వద్దు నైనా. సేఫ్టీ మీట లేని పిస్టల్‌కు హోల్స్టరే సేఫ్టీ. ట్రిగ్గర్ మొత్తం కప్పేట్టు, బిరుసుగా ఉండాల. మెత్తటి తోలు ముడత పడితే లోపలికి తోసేటప్పుడు ఆ ముడతే వేలై నొక్కుతుంది. పైగా తోలు చెమట పీల్చుకుంటుంది, రాత్రంతా దాంట్లోనే ఉంచితే ఇనుము తుప్పు పడుతుంది. ఎడమ చేతిది వచ్చేదాకా ఆ పాతదాంతోనే ఉండు, తొందరేం లేదు.