లైబ్రరీ లింక్ అవుతోంది, ప్రోగ్రామ్ మాత్రం నడవట్లేదు (లినక్స్, సొంత ఎస్ఓ ఫైల్)

మేక్‌ఫైల్_22:
నా సొంత షేర్డ్ లైబ్రరీ (నడిచేటప్పుడు ప్రోగ్రామ్ ఎక్కించుకునే ఫైల్) లిబ్‌లెక్క.ఎస్ఓ ని /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లో, హెడర్‌ని /యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్ లో పెట్టాను. కంపైలర్ జీసీసీకి -ఎల్‌లెక్క ఇస్తే ఏ గొడవా లేదు. నడపగానే "కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్" అంటోంది. ఫైల్ అక్కడే ఉంది. ఉబుంటు వాడుతున్నాను.

రూట్‌షెల్:
లింకర్ వేరు, లోడర్ వేరండీ. జీసీసీ నేరుగా ఫోల్డర్లలో వెతుకుతుంది. నడిచేటప్పుడు వెతికే ఎల్‌డీ.ఎస్ఓ మాత్రం /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్ ని (ఏ లైబ్రరీ ఎక్కడుందో ముందే రాసిపెట్టుకున్న జాబితా) చూస్తుంది. ఫైల్ కాపీ చేసినంత మాత్రాన ఆ క్యాష్ మారదు. ఆ క్యాష్‌ని తిరిగి కట్టడానికి సుడో ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టండి. తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ -పి | గ్రెప్ లెక్క అంటే మీ లైబ్రరీ వరుస కనబడాలి.

ఎల్ఫ్_రీడర్:
అది నిజమే గానీ అక్కడితో ఆగితే రేపు వెర్షన్ మారినప్పుడు మళ్లీ ఇబ్బందే. ఒక్క లైబ్రరీకి మూడు పేర్లుండాలి. అసలు ఫైల్ లిబ్‌లెక్క.ఎస్ఓ.1.0.0. దానికి సోనేమ్ (లైబ్రరీ లోపల రాసుండే పేరు) లింక్ లిబ్‌లెక్క.ఎస్ఓ.1, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అడిగేది ఇదే. కంపైల్‌కి మాత్రమే పనికొచ్చేది లిబ్‌లెక్క.ఎస్ఓ.

సోర్సుని -ఎఫ్‌పిక్ తో కంపైల్ చేసి, లింక్ చేసేటప్పుడు -షేర్డ్ తో పాటు -డబ్ల్యూఎల్,-సోనేమ్,లిబ్‌లెక్క.ఎస్ఓ.1 ఇవ్వండి. సోనేమ్ లింకుని ఎల్‌డీకాన్ఫిగే కడుతుంది. మూడోది మీరే ఎల్ఎన్ -ఎస్ తో కట్టాలి. రీడ్‌ఎల్ఫ్ -డి తో సోనేమ్ ఎక్కిందో లేదో చూడండి. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు, స్ట్రక్చర్ సైజు లాంటివి మార్చి పాత ప్రోగ్రామ్‌లకు పొసగకుండా చేస్తే .1 ని .2 చేసి తీరాలి. లేకపోతే పాత ప్రోగ్రామ్‌లు కొత్త ఫైల్‌ని నమ్మి ఎక్కించుకుని నడిమధ్యలో కూలిపోతాయి. ఆ తప్పు పట్టుకోవడం చాలా కష్టం.

డెమన్_7:
ఫెడోరా వాడేవాళ్లకు: అక్కడ /యూఎస్ఆర్/లోకల్ ఫోల్డర్లు లోడర్ జాబితాలో చాలాసార్లు ఉండవు, సీమేక్ (బిల్డ్ టూల్) పైగా లిబ్64 లో పెడుతుంది. /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డి లో .కాన్ఫ్ తో ముగిసే ఫైల్ చేసి, దాంట్లో ఆ దారిని ఒక వరుసలో రాసి, అప్పుడు ఎల్‌డీకాన్ఫిగ్.

మేక్‌ఫైల్_22:
ఎల్‌డీకాన్ఫిగ్ తర్వాత నడుస్తోంది, థాంక్స్. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లోడర్ వెతకాల్సిన ఫోల్డర్లు చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) పెట్టుకుంటే ఈ బాధ లేకుండా పోదా?

రూట్‌షెల్:
పరీక్షకు సరే, అందరికీ పెట్టేదానికి వద్దు. సెట్‌యూఐడీ (ఫైల్ యజమాని హక్కులతో నడిచే) ప్రోగ్రామ్‌లకు లోడర్ దాన్ని పట్టించుకోదు, సుడో మామూలుగా దాన్ని తీసేస్తుంది. మీ షెల్‌లో పెట్టిన వేరియబుల్ సర్వీస్‌కి అందదు, షెల్‌లో నడిచింది సర్వీస్‌గా పెడితే నడవకపోవడానికి తరచూ ఇదే కారణం.

ఎల్ఫ్_రీడర్:
ఇంకో ముఖ్యమైన సంగతి. వాడుకలో ఉన్న ఎస్ఓ ఫైల్ మీద సీపీ (కాపీ కమాండ్) కొట్టకండి. సీపీ అదే ఐనోడ్‌ని (డిస్క్ మీద ఆ ఫైల్ అసలు రికార్డు) ఖాళీ చేసి తిరిగి రాస్తుంది కాబట్టి దాన్ని మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ప్రోగ్రామ్‌లు సెగ్‌ఫాల్ట్ (మెమరీ తప్పు) తో కూలిపోతాయి. ఇన్‌స్టాల్ -ఎమ్ 755 వాడండి: అది పాత ఫైల్‌ని తీసేసి కొత్తది పెడుతుంది, నడుస్తున్నవాటికి పాతదే మిగులుతుంది. ఉమాస్క్ 077 (కొత్త ఫైళ్లకు యజమాని తప్ప మిగతావాళ్ల అనుమతులు తీసేసే సెట్టింగ్) ఉన్న మెషీన్లో సుడో మేక్ ఇన్‌స్టాల్ చేస్తే రూట్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోని ఫైళ్లు పడే బెడద కూడా -ఎమ్ తో తప్పుతుంది.

డెమన్_7:
సీమేక్‌తో ఇన్‌స్టాల్ చేస్తే బిల్డ్ ఫోల్డర్లోని ఇన్‌స్టాల్_మ్యానిఫెస్ట్.టీఎక్స్‌టీ ని దాచుకోండి. తర్వాత ఏయే ఫైళ్లు తీసెయ్యాలో చెప్పేది అదొక్కటే.